సలహాల కంపెనీలో నా కొలువు

నేను టైపిస్టుగా చేరేనాటికి మా ప్రొప్రైటరుగారికి ఏ పనీ కలిసిరాలేదు. ఇన్సూరెన్సు ఏజెంటుగా నాయుడుపేట చుట్టుపక్కల పల్లెలన్నీ సైకిలు మీద తిరిగినాడు. ఆ సైకిలు కనిపిస్తే రైతులు గట్టు దిగి అవతలి పొలంలోకి పోయేవాళ్లట. తరవాత ఇంకొకరితో కలిసి బస్సు నడిపి, దాన్ని గూడూరు దారిలో ఒక కాలవలోకి దించినాడు. మూడోసారి ఆయనేమీ చెయ్యలేదు. ఆయన అక్కగారి భర్త ఎలక్షన్లో గెలిచినాడు. అంతే.

గెలిచిన కొన్నాళ్లకే బియ్యం కొట్టు మీది మిద్దెగదికి ఇంగ్లీషు బోర్డు ఎక్కింది. పరిశ్రమలకు, వ్యాపారాలకు సలహాలు చెప్పేవాళ్లమని దానర్థం. యాభైల చివర నాయుడుపేటలో పరిశ్రమ అంటే రైసుమిల్లు. దానికి సలహా ఏం కావాలో ఊళ్లో ఎవరికీ అర్థం కాలేదు. అర్థం కాకపోవడం వల్లే కొంత గౌరవం కూడా పుట్టింది.

మాది బిట్రగుంట రైల్వే కాలనీ. నాయన లోకోషెడ్డులో ఫిట్టరు. నన్ను మిషన్ బళ్లో చదివించి, కావలికి పంపి టైపు, షార్టుహ్యాండు నేర్పించినాడు. నాయుడుపేటలో మా మేనత్త టీచరమ్మ. ఆమె ఇంట్లో వుండి పని వెతుక్కుంటుంటే, అక్కడి చర్చి అయ్యగారే నన్ను ఈ ఆఫీసుకు పంపించినాడు. "పెద్దల అండ వున్న కంపెనీ అమ్మా, మర్యాదస్తులు" అన్నాడు. ఆయన మంచివాడు. బోర్డు చదివి నమ్మినాడు.

ప్రొప్రైటరుగారు నా స్పీడెంతో అడిగినాడు గానీ, నేను జవాబు చెప్పేలోపలే లేచి కిటికీ దగ్గరికి పోయినాడు. వీధిలోంచి పైకి చూస్తే ఎక్కడ కూర్చున్న మనిషి బాగా కనిపిస్తుందో లెక్క చూసుకుని, టైపు మిషను అక్కడ పెట్టించినాడు. చీర కట్టుకుని ఇంగ్లీషు టైపు కొట్టే అమ్మాయి ఆ వీధిలో అంతవరకూ లేదు. మొదటి రోజుల్లో కొట్టడానికి కాగితం ముక్క కూడా వుండేది కాదు.

"ఏం కొట్టమంటారు సార్?" అని అడిగితే, "ఏదో ఒకటి కొడతా వుండమ్మా, శబ్దం ఆగకూడదు" అన్నాడు.

నాకు కంఠతా వచ్చిన ప్రార్థనలన్నీ కొట్టినాను. కింద బియ్యానికి వచ్చినవాళ్లు తలెత్తి చూసి, పైన పెద్ద పనేదో జరుగుతుందనుకునేవాళ్లు. ఆ ఆఫీసులో నేను చేసినవాటిలో దేవుడికి పనికొచ్చింది అదొక్కటే అనుకుంటాను.

అసలు పని చేసింది కారు. శాసనసభ సభ్యుడైన బావగారికి ఒక నల్ల కారు వుండేది. గురువారం గురువారం అది మా మెట్ల ముందు వచ్చి నిలబడేది. బావగారు దాంట్లో వుండేవాడు కాదు. డ్రైవరు దిగి ఎదురుగా వున్న హోటల్లో దోసె తిని, స్టీరింగు మీద తల పెట్టుకుని ఒక నిద్ర తీసి వెళ్లిపోయేవాడు. కారు పంపించేది అక్కగారు. తల్లి పోయినాక తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచిన మనిషి ఆమె. వాడి గతి ఏమవుతుందోనని తనకు పెళ్లయినా ఆమె దిగులు తీరలేదు. కారు సంగతి మొదట్లో బావగారికి తెలియను కూడా తెలియదు.

సూళ్లూరుపేట వైపు నుంచి ఒక రైతు వచ్చినాడు. తెల్ల పంచె, నూనె రాసుకున్న తల. మిల్లు పెట్టుకోవడానికి లైసెన్సు కోసం తిరిగి తిరిగి విసిగిపోయి వున్నాడు.

"మిల్లు పెడితే లాభమా నష్టమా అనేది మేం చదివి చెప్తాం" అన్నాడు ప్రొప్రైటరుగారు.

"మిల్లు సంగతి నాకు తెలుసు సార్. మా నాయన కాలం నుంచీ వడ్లలో బతుకుతుండాం. నాకు కావాల్సింది లైసెన్సు."

"లైసెన్సు మాట మా ఆఫీసులో ఎత్తబాకండి. మేం సలహా మాత్రమే చెప్తాం."

"అట్నే చెప్పండి. ఏం సలహా?"

"గురువారం రండి."

గురువారం ఆ రైతు వచ్చినాడు. కింద కారును చూసినాడు, చుట్టూ ఒకసారి తిరిగి చూసినాడు, పైకి వచ్చి మారు మాట్లాడకుండా కూర్చున్నాడు. నెల్లూరు జిల్లాలో వరి ఎంత బాగా పండుతుందో చెప్పే కాగితాలు కొన్ని నేను టైపు చేసి ఇచ్చినాను. అది మా రిపోర్టు. వరి పండించే మనిషికి వరి పండుతుందని చెప్పినాం. కొన్నాళ్లకు లైసెన్సు వచ్చింది. అందులో మా చెయ్యి ఎంత వుందో ఇప్పటికీ నాకు తెలియదు. తిరిగి తిరిగి వున్నాడు గదా, మామూలుగానే వచ్చుండొచ్చు. కానీ ఆ రైతు పదిమందికి చెప్పినాడు. ఆ పదిమందీ వచ్చినారు.

అలా మొదలైంది. మిల్లులవాళ్ల వెనక ఉప్పుకొఠారుల వాళ్లు, వాళ్ల వెనక లారీలవాళ్లు. పర్మిట్లు లేకుండా ఏదీ జరగని కాలం. ఆఫీసు నెల్లూరికి, ట్రంకు రోడ్డు మీది మేడలోకి మారింది. నేనూ నెల్లూరు వచ్చి మిషన్ హాస్టల్లో చేరినాను. ప్రొప్రైటరుగారు ఎండాకాలంలో కూడా కోటు వేసుకోవడం నేర్చుకున్నాడు. నన్ను మామూలప్పుడు "అమ్మాయ్" అనీ, గదిలో ఎవరైనా కూర్చుని వుంటే "మిస్" అనీ పిలిచేవాడు. రిటైరైన పెద్ద ఆఫీసరొకాయన్ని ముఖ్య సలహాదారుగా పెట్టుకున్నాడు. ఆయన పొద్దున పేపరు చదివి, మధ్యాహ్నం కుర్చీలో నిద్రపోయేవాడు. ఆయనకు జీతం ఎందుకిస్తున్నారని ఒకసారి గుమాస్తా నన్ను అడిగినాడు. ఏ ఆఫీసుకైనా ఆయన పోతే, ఒకప్పుడు ఆయన కింద పనిచేసినవాళ్లు అలవాటుకొద్దీ లేచి నిలబడతారు. ఆ నిలబడటానికే జీతం.

ఆదివారాలు ప్రొప్రైటరుగారు అక్కగారింట్లో భోంచేసేవాడు. ఒకసారి హైదరాబాదు పంపాల్సిన కాగితాల మీద బావగారి సంతకం కోసం నన్ను కూడా రమ్మన్నాడు. అక్కగారు వసారాలో పీట మీద కూర్చుని చింతకాయలు దంచుతున్నది. బంగారం ఒంటినిండా వున్నా పని మానే మనిషి కాదు.

"నువ్వేనా టైపిస్టువి? మా వాడు చెప్పే సలహాలు నువ్వే కొడతావంట గదా. నిజం చెప్పు, వాడికి ఏమైనా తెలుసునా?" అని అడిగింది.

ప్రొప్రైటరుగారు పక్కనే నిలబడి నవ్వినాడు. "ఏందక్కా" అన్నాడు.

"అడిగితే తప్పేముందిరా. ఇంతమంది వచ్చి నిన్ను అడుగుతుంటే నాకు భయంగా వుంది."

ఆమె నాకు రోటి పచ్చడి ఆకులో కట్టి ఇచ్చింది. ఆ కుటుంబంలో ఆ ప్రశ్న అడిగిన మనిషి ఆమె ఒక్కతే. అడిగి, గురువారం కారు మాత్రం ఆపలేదు.

అరవైలు వచ్చేసరికి సముద్రం వైపు చూడటం మొదలుపెట్టినారు. రొయ్యలకు విదేశాల్లో గిరాకీ వుందని మద్రాసు నుంచి ఒక కంపెనీవాళ్లు వచ్చినారు. వాళ్లకు ఐసు ఫ్యాక్టరీ కావాల, రొయ్యలు పట్టే ఊరు కావాల. సరిగ్గా అప్పటికే జువ్వలదిన్నె బెస్తవాళ్ల సొసైటీ ఐసు ఫ్యాక్టరీ కావాలని అర్జీ పెట్టుకుని వుంది. పని త్వరగా కావాలంటే మా ఆఫీసు ద్వారా పోవాలని ఎవరో చెబితే, ఆ ఊరి పెద్దలు కూడా మా దగ్గరికే వచ్చినారు. ఇద్దరూ మాకే కక్షిదారులు. ప్రొప్రైటరుగారికి ఇది ఇబ్బందిగా తోచలేదు, అదృష్టంగా తోచింది.

జువ్వలదిన్నె మా బిట్రగుంటకు దగ్గర. అక్కడి ఆడవాళ్లు తట్టలతో చేపలు తెచ్చి మా కాలనీలో అమ్మేవాళ్లు. మా అమ్మ ఒకామె దగ్గరే కొనేది. ఆమెను మేం చేపలక్క అనే పిలిచేవాళ్లం. ఆ ఊళ్లో నాకు ముఖాలు తెలుసు గనక నన్ను కూడా తీసుకుపోయినారు. కారు ఇసకలో దిగబడితే, దిగి నడిచినాం. ప్రొప్రైటరుగారి బూట్లనిండా ఇసక. వలలు బాగుచేసుకునే పాక కింద ఆయనకు నులకమంచం వేసినారు. ఊరంతా చుట్టూ కూర్చుంది.

"ఫ్యాక్టరీ మీ సొసైటీ పేరు మీదే వస్తుంది. నడిపే తెలివి మీకు లేదు గాబట్టి మద్రాసువాళ్లు నడుపుతారు. ఐసు మీకు, రొయ్యలు వాళ్లకు. ఇద్దరికీ మంచిది" అని చెప్పినాడు.

ఊరి పెద్దాయన, గడ్డం నెరిసిన మనిషి, "ఫ్యాక్టరీ ఒడ్డుకు దగ్గరుండాల సార్. ఐసు దూరం నుంచి మోసుకొచ్చేలోపల నీళ్లయి పోతుంది" అన్నాడు.

"అదంతా మేం చూస్తాం. మీకు సలహా చెప్పడానికే గదా వచ్చినాం."

వాళ్లు మాట్లాడుకుంటుంటే చేపలక్క వచ్చి నా పక్కన కూర్చుంది. నా చీర అంచు పట్టుకుని చూసి, బాగుందన్నది. తరవాత మెల్లగా అడిగింది.

"పాపా, ఆయనేం పని చేస్తాడు?"

"సలహా చెప్తాడక్కా."

"చేపల గురించా?"

"కాదు."

"ఐసు గురించా?"

"అదీ కాదు."

"మరి దేని గురించి?" అన్నది. ఆయన బావగారు శాసనసభ సభ్యుడని చెప్పినాను. "అట్నా" అని ఆమె తల వూపి లేచిపోయింది. అంతకంటే వివరం ఆమెకు అక్కర్లేకపోయింది.

ఫ్యాక్టరీ వచ్చింది. ఒడ్డున కాదు. మద్రాసు రోడ్డు పక్కన, బావగారి బీడుభూమిలో. ఈసారి బావగారికి సంగతి బాగానే తెలుసు. రొయ్యలన్నీ కంపెనీకే, కంపెనీ చెప్పిన ధరకే వేసినవాళ్లకు మాత్రం ఐసు ఇస్తామన్నారు. దొరికిన ఐసు కూడా రోడ్డు నుంచి ఒడ్డుకు మోసేలోపల నీళ్లయి పోయేది. ఐసు కోసం అర్జీ పెట్టుకున్న ఊరికి ఐసు దొరకలేదు. ప్రారంభం రోజున మాత్రం ఊరివాళ్లందరినీ లారీల్లో తెచ్చి, దండలు వేయించి ఫొటోలు తీయించినారు. ఆ రోజు ప్రొప్రైటరుగారు మాట్లాడినదాంట్లో సేవ అనే మాట ఎన్నిసార్లు వచ్చిందో, ముఖ్య సలహాదారుగారు కూడా నిద్రలోంచి లేచి చప్పట్లు కొట్టినాడు.

కొన్ని వారాలు కంపెనీ వ్యాను ఊరి బయట వచ్చి నిలబడింది. రొయ్యలు పోతున్నాయి. ఆ తరవాత ఒకరోజు వ్యాను ఖాళీగా వచ్చింది. మరునాడూ ఖాళీయే. మద్రాసు మేనేజరు కోపంతో మా ఆఫీసులోకి వచ్చి పడినాడు.

జరిగిందేమిటంటే, ఊరు కూర్చుని దురాయి కట్టింది. కడలి ఒడ్డున బెస్తవాళ్ల ఊళ్లలో దురాయి అంటే ఊరు పెట్టుకునే కట్టు. ఎవరూ ఆ వ్యానుకు రొయ్య వెయ్యకూడదు. వేస్తే ఊరికి తప్పు డబ్బు కట్టుకోవాల, ఎవరూ నిప్పు కూడా ఇవ్వరు. కాగితం లేదు, సంతకం లేదు. ఒక మనిషి తిరిగి చాటించి పోయినాడు, అంతే.

ప్రొప్రైటరుగారు నవ్వినాడు. ఎవర్ని చూడాలో చూస్తే అయిపోతుందన్నాడు. ఆయన సలహాలన్నిటి సారం అదే గదా. మళ్లీ నన్ను వెంటబెట్టుకుని పోయినాడు. ఈసారి మంచం వెయ్యలేదు. పెద్దాయన వల కుట్టుకుంటూనే మాట్లాడినాడు.

"మీ చిన్నబ్బాయికి ఫ్యాక్టరీలో పని ఇప్పిస్తాం" అన్నాడు ప్రొప్రైటరుగారు.

"ఇప్పించండి సార్. వాడు పోడు."

"మీరు ఒక మాట చెప్తే కట్టు తీసేస్తారు గదా."

"నేను చెప్తే తీసేదయితే నేను చెప్తేనే పెట్టి వుండాల. నేను పెట్టలేదు. ఊరు పెట్టింది. నేను రొయ్య వేసినా నాకూ తప్పు పడుద్ది."

"అయితే ఎవర్ని చూడాల?"

"అందర్నీ చూడాల సార్" అని పెద్దాయన తలెత్తి ఇసకలో వున్న జనాన్ని చూపించినాడు.

ప్రొప్రైటరుగారు నిజంగానే చుట్టూ చూసినాడు. పిల్లల్ని చంకనెత్తుకున్న ఆడవాళ్లు, తెప్పలు ఈడ్చుకొచ్చి కూలబడ్డ మగవాళ్లు, వాళ్లలో చేపలక్క. ఎవరి దగ్గరికి పోవాలో, ఎవరి బంధువు ఎవరో, ఎవరికి ఏమిస్తే కదులుతారో, కొన్నేళ్లుగా ఆయనకు అన్నం పెట్టిన ఆ విద్య అక్కడ నడవలేదు. తిరిగి వచ్చేటప్పుడు కారులో ఆయన బూట్లలోని ఇసక దులుపుకుంటూ కూర్చున్నాడు. చెమటతో కోటు వీపుకు అంటుకుపోయింది. నాకు జాలి కలిగి వుండాల్సింది. కలగలేదు.

మరునాడు నన్ను గదిలోకి పిలిచి తలుపు వేసినాడు.

"అమ్మాయ్, తెలుగులో ఒక అర్జీ రాయాల. జువ్వలదిన్నె ఆడవాళ్లు రాసినట్టు. మాకు కంపెనీ కావాల, కట్టు వల్ల పిల్లలు పస్తులుంటున్నారు, పోలీసువారు రక్షణ ఇవ్వాల, అని. వాళ్ల మాట నీకు బాగా వచ్చు గదా."

"వాళ్లు వచ్చి చెప్తే రాస్తాను సార్."

"వాళ్లెందుకు వస్తారు?"

"అయితే రాయను."

ఆయనకు కోపం రాలేదు. నాకు అర్థం కాలేదేమోననుకుని మళ్లీ చెప్పినాడు. మద్రాసులో ఆఫీసు తెరుస్తున్నామనీ, నన్నక్కడికి తీసుకుపోతాననీ, పెద్ద హోదా ఇస్తాననీ ఆశ పెట్టినాడు. నేను మిషను మీద కవరు కప్పి హాస్టలుకు వచ్చేసినాను. ఆ నెలాఖరుకు మానేసినాను. నేను చేసింది గొప్ప పనని అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. చేపలక్క ఏడ్చినట్టు రాయమంటే చెయ్యి రాలేదు, అంతే. అర్జీ నా తరవాత వచ్చిన టైపిస్టు రాసినాడు. కానీ అది ఎవరికీ పనికి రాలేదు. విచారణకని ఊళ్లోకి వచ్చి దాన్ని చదివి వినిపించిన మనిషిని ఆడవాళ్లే చుట్టుకుని, మాలో ఎవరు రాసినారో చూపించమని అడిగితే, బండెక్కి పోయినాడట.

కంపెనీ ఆ సీజనుతోనే వెళ్లిపోయింది. ఊరికి మాత్రం ఐసు రాలేదు. ఆడవాళ్లు ఎప్పటిలాగే తట్టలు నెత్తిన పెట్టుకుని తెల్లారకముందే బిట్రగుంటకు నడిచినారు, మిగిలింది ఉప్పు వేసి ఎండబెట్టుకున్నారు. బావగారి బీడులో కట్టిన ఫ్యాక్టరీని ఎరువుల గోడౌనుగా బాడుగకు ఇచ్చినారు. బాడుగ బావగారికి వచ్చేది.

మా ప్రొప్రైటరుగారికి ఏం నష్టం వచ్చిందని అడుగుతారేమో. ఏమీ రాలేదు. ప్రాంతీయ పరిస్థితులు అనుకూలంగా లేవని మద్రాసు కంపెనీకి లావుపాటి రిపోర్టు ఇచ్చి, దానికి కూడా ఫీజు తీసుకున్నాడు. మా పాత గుమాస్తా నేనున్న కావలికి వచ్చినప్పుడు నాకు ఈ సంగతి చెప్పి, నవ్వలేక నవ్వినాడు. అంతటితో ఆగలేదు. చేపల వ్యాపారంలో అనుభవం వున్న సలహాదారులమని కొత్త బోర్డు రాయించినారు. దాన్ని చూసి బొంబాయి నుంచి కూడా వచ్చినారట. ఒక ఊరు ఊరంతా తరిమేస్తే దానికి అనుభవం అని పేరు పెట్టుకోవచ్చని నాకు అప్పటిదాకా తెలియదు. మద్రాసు మౌంటు రోడ్డులో ఆఫీసు తెరిచినారు. ఆయన నాయుడుపేట సైకిలు రోజులు తెలిసినవాళ్లను పేరు పెట్టి పిలవడం మానేసినాడు.

నేను కావలిలో టైపు ఇన్‌స్టిట్యూట్ పెట్టుకున్నాను. పాత మిషన్లు, పెంకుటిల్లు, పొద్దున్నుంచీ సాయంత్రందాకా పిల్లలు. చాలా కాలం ఆ కంపెనీ మాట వినలేదు. తరవాతి ఎన్నికల్లో బావగారు ఓడిపోయినాడు. ఫలితం వచ్చిన వారంలోనే, గెలిచినాయన తమ్ముడు మా ప్రొప్రైటరుగారి కంపెనీలో భాగస్తుడైనాడని పేపర్లో ప్రకటన పడింది. ఫొటోలో ఇద్దరూ కోట్లు వేసుకుని నిలబడి వున్నారు.

ఆ ఏడాది ఒక మధ్యాహ్నం మా ఇన్‌స్టిట్యూట్ ముందు జట్కా ఆగింది. అక్కగారు దిగింది. పక్కన కూతురు, కాలేజీ చదువు సగంలో మానిన పిల్ల. కారు అమ్మేసినారని ఆమే చెప్పింది. ఒంటి మీద బంగారం తగ్గింది. మాట మాత్రం తగ్గలేదు.

"దీనికి టైపు నేర్పించు" అన్నది.

"తప్పకుండా అమ్మా. ప్రొప్రైటరుగారు బాగుండారా?"

"బాగుండాడంట. పేపర్లో చూస్తుండా. ఓడిపోయిన రోజు నుంచీ మా గడప తొక్కలేదు. ఆదివారాలు వాడికని పులుసు పెట్టి, సాయంత్రం పనిమనిషికి పోస్తుండా." అని కాసేపు బయట జట్కా వైపు చూసి, "ఎప్పుడో ఒకప్పుడు వస్తాడులే. వచ్చినప్పుడు దీన్ని వాడి ఆఫీసులో వెయ్యమని అడుగుతా. అందుకే, స్పీడు బాగా రావాల" అన్నది.

ఆ ఆఫీసులో స్పీడుతో పని లేదని చెప్పబోయి వూరుకున్నాను. చంకనేసుకుని పెంచిన మనిషికి వాడి సంగతి నేను చెప్పాల్సిన పని లేదు. ఆ పిల్ల బాగా నేర్చుకుంది. టైపు హయ్యరు పరీక్ష పాసయింది. మామయ్య ఆఫీసుకు రెండు ఉత్తరాలు రాస్తే జవాబు రాలేదు. నేనే గూడూరులో ఒక కోఆపరేటివ్ బ్యాంకుకు దాన్ని పంపించినాను. అక్కడ మేనేజరు స్పీడు ఎంతో అడిగి, కూర్చోబెట్టి కొట్టించి చూసినాడట. ఆ పిల్ల వచ్చి ఆ మాట చెబితే నాకు సంతోషమైంది.